ఇంకో రెండేళ్లు ఆడతావట!

చెల్లీ,

నువ్వు మరో రెండేళ్లకు సంతకం పెట్టావని మన పాత గోల్‌కీపర్ ఫోను చేసి చెప్పింది. ఆ మాట నీ నోట వింటే ఇంకా బాగుండేది. చెబితే వద్దంటానని భయపడ్డావేమో. వద్దనను. ముప్పై నాలుగేళ్ల మిడ్‌ఫీల్డర్‌కు, అదీ మైదానం మధ్యలో అటూ ఇటూ పరుగెత్తేదానికి, ఏ ఫుట్‌బాల్ క్లబ్బూ జాలిపడి రెండేళ్ల ఒప్పందం ఇవ్వదు. ఆ సాయంత్రమంతా అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ నీ సంగతి చెప్పుకుంటూ తిరిగాను. రాత్రి పడుకోబోతుంటే, తను ఫోను పెట్టేసే ముందు అన్న మాట గుర్తొచ్చింది: ‘కుర్రపిల్లలతో సమానంగా పరుగెత్తాలని నాలుగైదు కిలోలు తగ్గే పనిలో ఉందట.’ ఇక నిద్ర ఎక్కడిది? అందుకే ఈ ఉత్తరం.

తేలిక సంగతులు ముందు చెప్పేస్తాను. మోకాలి లిగమెంట్ తెగే ప్రమాదం మగవాళ్లకంటే మనకు కనీసం రెండింతలు, కాబట్టి ఫీఫా వాళ్లు తయారుచేసిన ఆ 20 నిమిషాల వార్మప్‌ను వారానికి రెండుసార్లయినా చేయి. బరువులెత్తడం మానకు. ప్రాక్టీసులో అప్పుడప్పుడూ పూర్తి వేగంతో పరుగెత్తు, ఆ వేగాన్ని మ్యాచ్‌లోనే మొదటిసారి అందుకోబోతే తొడ వెనక కండరం ఊరుకోదు. కొత్త బూట్లు మ్యాచ్ రోజున తొడగకు. వేళకు పడుకో. ఇవన్నీ నువ్వు జూనియర్లకు రోజూ చెప్పేవే.

ఇక బరువు సంగతి. కోపం తెచ్చుకోకు, నాకు ఇప్పటికే వచ్చి ఉంది.

నీకు ఇరవై రెండేళ్లప్పటి సీజన్ గుర్తుందా? ఒక కోచ్ నిన్ను చూసి ‘కాస్త బరువుగా తిరుగుతున్నావు’ అన్నాడు. ఆయన ఒక్కసారి అని మరిచిపోయాడు, నువ్వు మాత్రం ఆ మాటను నెలల తరబడి మోశావు. భోజనాల దగ్గర అందరితోపాటు కూర్చునేదానివి, అందరికంటే ముందు లేచేదానివి. అడిగితే ఆకలి లేదనేదానివి. మొదట్లో నిజంగానే గాలిలో తేలినట్టు ఆడావు. అందరూ మెచ్చుకున్నారు. అసలు మోసం అక్కడే ఉంది. శరీరం వెంటనే ఎదురు తిరిగితే ఎవరైనా మానేస్తారు. అది కొన్నాళ్లు మెప్పులిప్పించి, ఆ తర్వాత బాకీ వసూలు చేస్తుంది.

నెలసరి ఆగిపోయిందని నువ్వే చెప్పావు, నవ్వుతూ. ‘క్యాంపులో ఈ బాధ లేదు, హాయిగా ఉంది’ అన్నావు. గదిలో ఉన్నవాళ్లు కొందరు తమకూ అలా అయితే బాగుండునన్నారు. అది హాయి కాదని అప్పట్లో మనకు విడమరిచి చెప్పినవాళ్లు లేరు. 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిపుణులు ఈ లక్షణాలన్నింటినీ ఒకచోట చేర్చి, క్రీడాకారులకు వచ్చే శక్తి లోటు అని పేరు పెట్టారు. తిన్నదంతా ఆటకే ఖర్చయిపోతే ఒళ్లు మిగతా పనులకు కోత పెట్టుకుంటుంది. నెలసరిని నడిపించే ఈస్ట్రోజన్ హార్మోన్ తగ్గుతుంది, నెలసరి ఆగుతుంది. పరుగులో ఎముకకు పడే సన్నని దెబ్బలను మాన్పుకునే పని కూడా మందగిస్తుంది. ఇదంతా లోపల జరిగేది కాబట్టి అద్దంలో కనబడదు. బరువు చూసే యంత్రం కూడా శభాష్ అనే చెబుతుంది.

సెమీఫైనల్ ముందురోజు ప్రాక్టీసుకు వెళ్తూ నా పక్కనే కూర్చుని బూట్లు తొడుక్కున్నావు. కుడి బూటు లేసు ఎప్పటిలాగే బిగించి రెండు ముళ్లు వేశావు. ఎడమదానికి మాత్రం కింది రెండు రంధ్రాలు వదిలేసి కట్టావు. పాదం బయటి అంచును వేలితో నొక్కి చూశాను. పెదవి కొరుక్కుని, ‘ఏమీ లేదక్కా, బూటు ఇరుకు’ అన్నావు. నేను వెళ్లి ఫిజియోకు చెప్పాను. ఆమె వచ్చి అడిగితే ఏం చేశావు? ఆమె ఎదుటే ఆ కాలి మీద మూడుసార్లు గెంతి చూపించావు! ఆ గెంతులు తలచుకుంటే ఈ రోజుకీ నా కడుపులో తిప్పినట్టవుతుంది.

మర్నాడు రెండో సగంలో నీ దగ్గర ఎవరూ లేరు. బంతిని ఆపి, ఎడమ కాలి మీద వెనక్కి తిరగబోయి అలాగే కూలిపోయావు. రిఫరీ కూడా ముందు నువ్వు నటిస్తున్నావనుకున్నాడు. చిటికెన వేలి వెనకనుండే పొడుగాటి ఎముక విరిగింది. విరిగిన చోటికి రక్తం సరిగా అందదని, అందుకే త్వరగా అతకదని డాక్టరు చెప్పాడు. స్క్రూ వేశారు. ఆ సీజన్ పోయింది, జాతీయ జట్టు క్యాంపు పిలుపూ పోయింది. నీ చోట్లోకి వెళ్లిన అమ్మాయి చాలాకాలం అక్కడే పాతుకుపోయింది. నువ్వు ఆసుపత్రి మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని, ‘తిట్టకక్కా’ అన్నావు. తిట్టలేదు కదా? అప్పుడు మిగిలిపోయిన తిట్లే ఇప్పుడు తింటున్నావు.

ఇంకో సంగతి నువ్వు మరిచిపోయి ఉంటావు. చాలా నెలల తర్వాత నెలసరి మళ్లీ వచ్చిందని అర్ధరాత్రి ఫోను చేసి, గోల్ కొట్టినట్టు అరిచావు. నేనూ అరిచాను. ఇంట్లోవాళ్లు ఏం కొంప మునిగిందోనని లేచి వచ్చారు.

అప్పుడు ఇరవై రెండేళ్లు కాబట్టి కోలుకున్నావు. ఎముక బలాన్ని కూడబెట్టుకునే కాలం దాదాపు ముప్పైతో సరి. అందులోనే నువ్వు కొంత పోగొట్టుకున్నావు. ఇప్పుడు అదే పని మళ్లీ చేస్తే ఈ రెండేళ్ల ఒప్పందం చూస్తుండగానే ఫిజియో గదిలో కరిగిపోతుంది. క్యాంపు మొదలవకముందే రక్తపరీక్ష చేయించు. ఐరన్ నిల్వ, విటమిన్ డి రెండూ చూడమను. ఎముక సాంద్రత పరీక్ష కూడా చేయించు, ఖరీదని మానకు. నెలసరి తేదీలు రాసి పెట్టు. ఏదైనా తగ్గించాలనిపిస్తే క్రీడాకారుల తిండి గురించి చదువుకున్న డైటీషియన్‌ను అడుగు, ఫోనులో కనబడే సన్నటి పిల్లను అడగకు.

కుర్రపిల్లలతో పరుగుపందెం నీకెందుకసలు? మిడ్‌ఫీల్డర్ మ్యాచ్‌కు పది, పదకొండు కిలోమీటర్లు తిరుగుతుంది. వయసు పైబడితే ఆ కిలోమీటర్లు అంతగా తగ్గవు, వాటి మధ్యలో వచ్చే మెరుపు పరుగులు తగ్గుతాయి. వాటిని వెతుక్కుంటూ ఒళ్లు ఎండబెట్టుకునే బదులు, వాటి అవసరం తక్కువున్న చోటికి జరుగు. జపాన్ హొమారె సావా మొదట్లో గోల్‌కు దగ్గరగా ఆడేది. తర్వాత ఆమెను వెనక్కి, డిఫెన్స్ వరుసకు కాస్త ముందుండే చోటికి దించారు. 2011 ప్రపంచకప్‌లో అక్కడినుంచే 5 గోల్స్ కొట్టి, అత్యధిక గోల్స్ బహుమతీ ఉత్తమ క్రీడాకారిణి బహుమతీ రెండూ పట్టుకెళ్లింది. ఫైనల్లో అమెరికా మీద 117వ నిమిషంలో కార్నర్ నుంచి తన్నిన బంతికి ఎదురెళ్లి స్కోరు సమం చేసినప్పుడు ఆమెకు 32 ఏళ్లు. అక్కడికి పరుగెత్తి గెలిచిందని నేననుకోను, బంతి ఎక్కడికి వస్తుందో అందరికంటే ముందే తెలుసుకుంది.

బ్రెజిల్ ఫోర్మిగా సంగతి చెప్పాల్సిన పని లేదు, ఆమె ఫొటో నీ అల్మరా తలుపుకు అంటించుకున్నావు. ఆమె పుట్టిన 1978 నాటికి ఆ దేశంలో ఆడవాళ్లు ఫుట్‌బాల్ ఆడటం మీద నిషేధం ఇంకా తొలగలేదు. 1995 నుంచి 2019 దాకా ఏడు ప్రపంచకప్‌లు ఆడింది, మగవాళ్లలోనూ అన్ని ఆడినవాళ్లు లేరు. 41 ఏళ్ల వయసులో ప్రపంచకప్ ఆడింది! ఈసారి ఆమె పాత మ్యాచ్‌లు చూసేటప్పుడు బంతిని వదిలేసి ఆమెనే చూడు. బంతి రాకముందే ఎడమ భుజం మీదుగా ఒకసారి, కుడి భుజం మీదుగా ఒకసారి చూసుకుంటే సగం పని అయిపోయినట్టే. అంతవరకూ నీకు అలవాటే. చూశాక కూడా ముందుకే దూకాలనే నీ ఆత్రమే మారాలి. నలుగురు ముందుకు వెళ్లినప్పుడు వెనక ఉండిపోవడం నీకు అవమానంలా ఉంటుంది. నాకు తెలుసు.

కాబట్టి కోచ్ చెప్పేదాకా ఆగకుండా నువ్వే వెళ్లి, ‘నన్ను వెనక ఆడించండి’ అని అడుగు. నీ చోట్లోకి వచ్చే పంతొమ్మిదేళ్ల పిల్లను శత్రువులా చూడకు. నువ్వు జట్టులోకి వచ్చి నన్ను వెనక్కి నెట్టినప్పుడు కొన్నాళ్లపాటు నీ పేరు వింటేనే నాకు ఒళ్లు మండేది. ప్రాక్టీసులో నీకు పడిన తన్నుల్లో కొన్ని పొరపాటున పడినవి కావు. తర్వాత వెనకనుంచి చూస్తే తెలిసింది, నీ పరుగుకు సరిగ్గా బంతి అందించడంలో నేను గోల్ కొట్టినప్పటికంటే ఎక్కువ సంతోషం ఉందని. నీకు ఈ మాట ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు చెప్పాను కదా అని తలకెక్కించుకోకు.

బెంచీ మీద కూర్చోబెడితే మొహం మాడ్చుకోకు. 2021 నవంబరులో బ్రెజిల్‌లోని మనౌస్‌లో మన భారత జట్టుతో జరిగింది ఫోర్మిగా వీడ్కోలు మ్యాచ్. 43 ఏళ్ల మనిషి, 200కు పైగా అంతర్జాతీయ మ్యాచ్‌లు ఆడిన మనిషి, తన సొంత వీడ్కోలులో చివరి నిమిషాల కోసం బెంచీ మీద ఎదురుచూసి దిగింది. మూడు రోజులకో మ్యాచ్ ఉన్న వారంలో ఒకదానికి పూర్తిగా విశ్రాంతి ఇమ్మని నీ అంతట నువ్వే చెప్పాలి.

నువ్వు అడగని విషయం ఒకటి. పిల్లల్ని కనాలనే ఆలోచన ఈ రెండేళ్లలో వస్తుందో రాదో నీ ఇష్టం, నేను మాట్లాడను. ఒప్పందంలో ఆ భాగం మాత్రం చదువు. 2021 నుంచి ఫీఫా నిబంధనల ప్రకారం కనీసం 14 వారాల ప్రసూతి సెలవు, కనీసం మూడింట రెండు వంతుల జీతం ఇవ్వాలి. గర్భం దాల్చిందని ఒప్పందం తెంచకూడదు. ఐస్‌లాండ్ మిడ్‌ఫీల్డర్ సారా బ్యోర్క్ గున్నార్స్‌దోత్తిర్ గర్భంతో ఉన్నప్పుడు ఎగ్గొట్టిన జీతం కోసం తన క్లబ్బు మీద ఫీఫాకు ఫిర్యాదు చేసి గెలిచింది. నిబంధన కాగితం మీద ఉంటే చాలదు, దాన్ని పట్టుకుని అడిగే ఓపిక కూడా ఉండాలి. నీకు ఆ ఓపిక లేదు, లాయరును పెట్టుకో.

రక్తపరీక్ష కాగితం వచ్చాక ఫొటో తీసి పంపు. ‘అంతా బాగానే ఉందక్కా’ అని మెసేజ్ పెడితే ఒప్పుకోను, అంకెలు కనబడాలి. మొదటి మ్యాచ్‌కు టికెట్ నేనే కొనుక్కుంటాను. ఆట మొదలవడానికి గంట ముందే వచ్చి, నువ్వు బూట్లు ఎలా కట్టుకుంటున్నావో చూస్తాను.

అక్క