విక్టోరియా తొలినాళ్ల పగటి గౌను: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ప్రశ్న: 1845 నాటి లండన్‌లో జరిగే ఒక నాటకాన్ని మా కళాశాలలో ప్రదర్శించబోతున్నాము. నాయిక పగటిపూట వేసుకునే గౌను లోపలికి, దానిని ఉబ్బెత్తుగా నిలిపే ఉక్కు వలయాల క్రినొలిన్ అద్దెకు తెద్దామని కొందరు, భుజాలు కనిపించే గౌను అయితే అందంగా ఉంటుందని మరికొందరు అంటున్నారు. ఏది సరైనదో తెలియజేయగలరు.
– ఒక అధ్యాపకురాలు, విశాఖపట్నం

సమాధానం: రెండూ సరికావు. ఉక్కు వలయాల పంజరానికి పేటెంట్ లభించినది 1856లో. మీ నాటకం అంతకు పదేళ్లకు పైగా ముందుది. 1840లలో క్రినొలిన్ అంటే గుర్రపు వెంట్రుకలు కలిపి నేసిన బిరుసు బట్టతో కుట్టిన లోపావడా మాత్రమే. దాని మీద గంజి పెట్టిన నూలు లోపావడాలను ఒకదానిపై ఒకటి తొడిగితేనే గౌను గోపురంలా ఉబ్బి నిలిచేది. ఈ బరువంతా నడుము మీదే పడేది కాబట్టి, మనం నేడు చూసి నవ్వుకునే ఉక్కు పంజరం ఆనాటి స్త్రీలకు నిజానికి ఊరటగానే తోచి ఉంటుంది.

ఇక భుజాల విషయం. పగటి గౌనుకు మెడ మూసి ఉండేది. భుజాలు కనిపించే గౌన్లు సాయంత్రపు విందులకు, నృత్యాలకు పరిమితం. 1830లలో బుట్టల్లా ఉబ్బిన చేతులు 1836 ప్రాంతంలో తగ్గిపోయి, విక్టోరియా 1837లో రాణి అయిన తరువాత కొద్ది కాలంలోనే ముంజేతి వరకు బిగుతుగా మారాయి. చేతిని అతికే కుట్టు భుజం మీద కాక, అంతకంటే కిందికి, జబ్బ మీదికి జారి ఉండటం వలన భుజాలు వాలినట్లు కనిపించేవి. ఆ కుట్టు వల్లనే చేతిని పూర్తిగా పైకెత్తడం కష్టమయ్యేది. మీ నాయిక చేతులు చాచి విలపించే సన్నివేశం ఉన్నట్లయితే చంకలో చిన్న ముక్క అతికించమని దర్జీకి ముందే చెప్పండి. పైభాగాన్ని తిమింగలపు బద్దలతో బిగించి, ముందువైపు నడుము దిగువకు కోసుగా దించి, ఎక్కువగా వెనుక హుక్కులతో మూసేవారు. పావడా భాగాన్ని సన్నటి కుచ్చిళ్లుగా దగ్గరకు లాగి, ఒక్కొక్క మడతనూ నడుముకు చేతితో కుట్టేవారు. కుట్టుమిషన్లు ఇంకా వాడుకలోకి రాలేదు; ఆ పనిలో లండన్ కుట్టుపని అమ్మాయిలు పడిన అవస్థలు 1843 నాటి ప్రభుత్వ విచారణ నివేదికలోకి కూడా ఎక్కాయి.

పట్టు, ఉన్ని గౌన్లను తరచుగా ఉతకడం సాధ్యం కాదు కాబట్టి తెల్లని కాలరును, చేతి పట్టీలను విడిగా కుట్టి, వాటిని మాత్రమే తీసి ఉతుక్కునేవారు. ఖర్చు తక్కువ, కాలపు ముద్ర ఎక్కువ; వాటిని మాత్రం వదలకండి. రాణి 1842లో స్కాట్లండ్ వెళ్లి వచ్చాక గళ్ల ఉన్ని బట్టకు ఆదరణ మరింత పెరిగింది కనుక అది కూడా తగినదే. ఆంగ్ల రసాయన శాస్త్రవేత్త పెర్కిన్ తయారుచేసిన కృత్రిమ ఊదా రంగు 1856లో గాని పుట్టలేదు కాబట్టి మెరిసే ఊదా బట్ట కొనకండి. వీధిలోకి వెళ్లేటప్పుడు బానెట్, అంటే గడ్డం కింద ముడివేసుకునే టోపీ, తప్పనిసరి. కానీ దాని అంచు చెంపలను కప్పేస్తుంది, పక్క వరుసల ప్రేక్షకులకు నాయిక ముఖమే కనబడదు. ఇంటి సన్నివేశాలలో దానిని తీసేయించవచ్చు.

ప్రశ్న: ఆ కాలపు ఆంగ్ల స్త్రీలు మన మచిలీపట్నం అద్దకం బట్టలు ధరించేవారా?
– ఒక పాఠకుడు, గుడివాడ

సమాధానం: మచిలీపట్నం ఉన్న కోరమాండల్ తీరపు అద్దకాలకు ఇంగ్లండులో వెర్రి మోజు ఉన్నది అంతకు ముందు కాలంలో, ఆ మోజుకు భయపడే అక్కడి పార్లమెంటు 1721లో అద్దకపు నూలు బట్టల వాడకాన్ని నిషేధించింది, 1774లో సడలించింది. 1840ల నాటికి యంత్రపు రోలర్లతో అచ్చు వేసిన లాంకషైర్ నూలు బట్ట చవకగా దొరికేది. ఆనాటి పగటి వేషంలో భారతదేశపు ముద్ర స్పష్టంగా కనిపించేది శాలువాలోనే. అసలు కశ్మీరు శాలువా సంపన్నులకే అందేది. మిగిలినవారికి స్కాట్లండులోని పెయిజ్లీ, ఇంగ్లండులోని నారిచ్ మగ్గాలు అదే మామిడిపిందె నమూనాను నేసి అమ్మేవి. చదరపు శాలువాను మూలకు మడిచి, కోసు వీపు మీదికి వచ్చేలా కప్పుకునేవారు.