కాన్పు మాత్రలు బాబుకు వేయొద్దు

ప్రశ్న: మా బాబుకు తొమ్మిదేళ్లు, 22 కిలోలు. క్లాసులో ధ్యాస ఉండట్లేదని టీచరు అంటున్నారు. బలపాలు, పచ్చి బియ్యం తింటాడు. రక్తం తక్కువేమోనని నా కాన్పప్పుడు మిగిలిన ఐరన్ మాత్రలు రోజుకొకటి వేస్తున్నా. జ్ఞాపకశక్తికి మంచి సిరప్ చెప్పండి. – ఒక తల్లి, కావలి

డాక్టర్ సలహా: సిరప్ సంగతి తర్వాత. ముందు ఆ మాత్రలు ఆపండమ్మా. కాన్పువి మిగిలాయంటే ఇంట్లో ఇంకో చిన్నబిడ్డ ఉండే ఉంటుంది. డబ్బాకు తాళం వేయండి. 12 కిలోల బిడ్డ 60 మిల్లీగ్రాముల మాత్రలు పది మింగితే ప్రాణం మీదికి రావచ్చు. వాంతులయ్యాక కొన్ని గంటలు తేరుకున్నట్టే కనిపిస్తారు, లోపల కాలేయం దెబ్బతింటూ ఉంటుంది. అది చూసి ఇంట్లో ఆగిపోవద్దు. ఖాళీ స్ట్రిప్ చేతబట్టుకుని వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి.

బాబు విషయంలో మీ అనుమానం నిజమే కావచ్చు. బలపాలు తినడం ఐరన్ లోపానికి గట్టి గుర్తు. ధ్యాసకు అవసరమైన డోపమైన్ అనే రసాయనాన్ని మెదడు తయారుచేసుకోవాలంటే ఐరన్ ఉండాలి. అందుకే హిమోగ్లోబిన్ తగ్గకముందే చదువు మీద మనసు నిలవకపోవచ్చు. అయినా పరీక్ష లేకుండా మందు వేయడమేంటమ్మా? సీబీసీ (రక్తకణాల లెక్క), ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ) పరీక్షలు చేయించండి. ఈ వయసులో హిమోగ్లోబిన్ 11.5, ఫెరిటిన్ 15కి తగ్గకూడదు. జ్వరంలో ఫెరిటిన్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, జ్వరం తగ్గాక చేయించండి. ఎంసీవీ (ఎర్రకణం సైజు) తక్కువై ఫెరిటిన్ బాగుంటే తలసీమియా మైనర్ అనే వంశపారంపర్య రక్త లోపం కావచ్చు, దానికి ఐరన్ పనిచేయదు.

లోపం తేలితే సాధారణంగా రోజుకు కిలోకు 3 మిల్లీగ్రాముల ఎలిమెంటల్ ఐరన్ (మందులో ఉండే అసలు ఐరన్) ఇస్తాం, అంటే బాబుకు 66 దాకా. ‘నేను వేస్తున్నదీ ఇంచుమించు అంతే కదా’ అనొద్దు. మోతాదు బాబును చూసిన డాక్టరే రాయాలి. ఇప్పటికే ఎన్ని మాత్రలు వేశారో, బడిలో వారానికొకటి ఇచ్చే గులాబీ మాత్ర వేసుకుంటున్నాడో లేదో ఆయనకు చెప్పండి. మందు పాలతో, టీతో ఇవ్వొద్దు, గంట ఎడం ఉండాలి. నిమ్మరసంతో ఇస్తే బాగా ఒంటపడుతుంది. పొదలకూరు నిమ్మకాయలకు మీకేం కొదవ! విరేచనం నల్లగా అయితే భయపడొద్దు. హిమోగ్లోబిన్ నెలకు ఒక గ్రాము పెరగాలి. మామూలుకొచ్చాక కూడా రెండు మూడు నెలలు వాడాలి, చాలామంది అక్కడే మానేస్తారు.

జ్ఞాపకశక్తి సిరప్ అక్కర్లేదు. చూపు, వినికిడి పరీక్ష చేయించండి. క్లాసులో కొన్ని సెకన్లు శూన్యంలోకి చూస్తూ, పిలిచినా పలకట్లేదా అని టీచర్నడగండి. అలా ఉంటే అది ఒక రకం ఫిట్స్ కావచ్చు. వీలైతే ఫోన్లో వీడియో తీసి పిల్లల డాక్టరుకు చూపించండి.