టెక్ సందేహాలు: 48 బిట్ స్కానర్ అయితే స్లైడ్‌లు బాగా వస్తాయా?

ప్రశ్న: మా నాన్న చిత్తూరులో ఫొటో స్టూడియో నడిపేవారు. పెళ్లిళ్ల కలర్ నెగెటివ్‌లు పెట్టెల కొద్దీ ఉన్నాయి, స్లైడ్‌లు (ప్రొజెక్టర్‌లో వేసి చూసే పాజిటివ్ ఫిల్మ్‌లు) కొన్ని. సెకండ్ హ్యాండ్‌లో రెండు స్కానర్లు చూశాను. ఫిల్మ్ స్కానర్ 42 బిట్, డీమ్యాక్స్ 4.2. ఫ్లాట్‌బెడ్ 48 బిట్, డీమ్యాక్స్ 3.4. అమ్మే ఆయన 48 బిట్టే గొప్పంటున్నాడు. నిజమేనా?

జవాబు: బిట్లు చూసి మాత్రం కొనకండి. 48 బిట్ అంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కోదానికి 16 బిట్లు. 42 అంటే 14. స్కానర్ వెలుతురును ఎన్ని మెట్లుగా విడగొడుతుందో చెప్పే లెక్క ఇది. తిరుమలకు అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388. మెట్లు ఎక్కువున్నాయని కొండ ఎత్తు పెరగదు కదా! ఆ ఎత్తు సంగతి చెప్పేది డెన్సిటీ రేంజ్, అంటే ఫిల్మ్ ఎంత నల్లగా ఉన్నచోటి వరకు స్కానర్ చదవగలదో చెప్పే లెక్క. మీరు చెప్పిన డీమ్యాక్స్ దాని పై హద్దు.

డెన్సిటీ 1 ఉన్నచోట ఫిల్మ్ గుండా పదో వంతు వెలుతురే వస్తుంది. 2 అయితే నూరో వంతు, 3 అయితే వెయ్యో వంతు. ఒక్కో బిట్ పెరిగితే మెట్లు రెట్టింపవుతాయి, డెన్సిటీలో అది సుమారు 0.3. అందుకే 0.3తో గుణిస్తే 14 బిట్లకు 4.2, 16 బిట్లకు 4.8 వస్తాయి. ఇది కాగితం మీది గరిష్ఠ పరిమితి మాత్రమే. మీరు చూసిన 4.2 సరిగ్గా ఈ గుణకారమే కాబట్టి, కొలిచి వేసిన అంకె అని నాకైతే నమ్మకం లేదు. 4.8 వేసుకునే వీలున్నా 3.4తో ఆగిన ఫ్లాట్‌బెడ్ కంపెనీయే కాస్త నిజాయితీగా ఉన్నట్టుంది. బాగా చీకటిగా ఉన్నచోట సెన్సర్‌కు అందే వెలుతురు దాని సొంత నాయిస్‌లో (సెన్సర్‌లో దానంతట అదే పుట్టే గజిబిజి సిగ్నల్‌లో) కలిసిపోతుంది. అక్కడ అదనపు బిట్లు లెక్కపెట్టేది ఆ నాయిస్‌నే.

నెగెటివ్‌ల గురించి టెన్షన్ వద్దు. వాటిలో బాగా దట్టంగా ఉండేది పెళ్లికొడుకు తెల్ల పంచె పడిన చోటు. అది కూడా మామూలుగా 3 దాటదు, రెండు స్కానర్లూ లాగేస్తాయి. కష్టమంతా స్లైడ్‌లతోనే. వాటిలో నలుపు 3.5 దాటి కూడా వెళ్తుంది.

కొనేముందు మీ స్లైడ్ ఒకటి తీసుకెళ్లి, అమ్మే ఆయన ముందే రెండింటిలోనూ 16 బిట్ టిఫ్ ఫైల్‌గా స్కాన్ చేయించండి. ఫొటోషాప్‌లో నీడలు పైకి లేపి, పెళ్లికూతురి జడ దగ్గర జూమ్ చేయండి. వెంట్రుకల పాయలు కనిపిస్తే సరే. రంగుచుక్కలు, గీతలు తేలితే పెట్టె మీద ఏ అంకె ఉన్నా ఒకటే. ఈ పరీక్షలో ఫిల్మ్ స్కానరే నెగ్గుతుందని నా అంచనా, షార్ప్‌నెస్ కూడా దానిదే పైచేయి.

అయితే చాలా పాత ఫిల్మ్ స్కానర్లకు కొత్త విండోస్‌లో కంపెనీ డ్రైవర్లు దొరకవు. ఆ మోడల్ వ్యూస్కాన్ (పాత స్కానర్లను కొత్త కంప్యూటర్లలో నడిపించే సాఫ్ట్‌వేర్) జాబితాలో ఉందో లేదో చూసుకున్నాకే అడ్వాన్స్ ఇవ్వండి.