అమ్మ మొక్కుకుంది, నేను ఏం చేయాలి?

ఉత్తరం: "నా వయసు 25. గుంటూరు దగ్గర పల్లెటూరు మాది. విజయవాడలో ఒక ఆసుపత్రిలో డయాలిసిస్ టెక్నీషియన్‌గా చేస్తున్నాను. నాకు ముందు అమ్మకు రెండుసార్లు గర్భం పోయింది. ఈసారి బిడ్డ దక్కితే దేవుని సేవకు ఇస్తానని అమ్మ మొక్కుకుందట. షుగర్ వల్ల నాన్న కిడ్నీలు పాడయ్యాయి. ఆయన్ని డయాలిసిస్‌కు తిప్పుతూనే నేను ఈ కోర్సులో చేరాను. మూడేళ్ల కిందట నాన్న చనిపోయారు. మొక్కుబడి తీర్చనందుకే ఇలా జరిగిందని అమ్మ అంటుంది. చెల్లికి వచ్చిన సంబంధాలు తప్పిపోయినా అదే మాట. మా పాస్టర్ గారు బైబిల్ కాలేజీ ఫారం ఇచ్చారు, జూన్‌లో చేరాలి. నాకేమో ఈ పని ఇష్టం. 21 రోజులు ఉపవాసం ఉన్నాను, కొత్త సంవత్సరం ఆరాధనలో తీసిన, బైబిల్ వాక్యం ఉండే వాగ్దాన కార్డూ చూసుకున్నాను. స్పష్టత రాలేదు. నా జీవితం పట్ల దేవుని ఉద్దేశం ఏమిటో ఎలా తెలుసుకోవాలి?"

బాబూ,

నీ ప్రశ్నకు నేను సమాధానం రాయను. అది నువ్వే రాసి పంపావు. ఇక్కడ కుదించి వేశాం కానీ, నీ ఉత్తరంలో వాగ్దాన కార్డుకు రెండే వాక్యాలు ఉన్నాయి. వారానికి మూడుసార్లు వచ్చి నాలుగేసి గంటలు మంచం మీద ఉండే ఆ పెద్దాయన గురించి, సూది నువ్వు గుచ్చితేనే ఒప్పుకునే ఆ టీచరమ్మ గురించి మాత్రం ఒక పేజీ నిండా రాశావు. అది చదివాక కూడా నీ ఇష్టమేమిటో, నువ్వు దేనికి పనికొస్తావో నేను చెప్పాలా?

బైబిల్లో గిద్యోను గొర్రెబొచ్చు పరిచి దేవుణ్ణి గుర్తు అడిగాడని మనం తరచూ చెప్పుకుంటాం. దేవుడు ఏం చేయమన్నాడో అతనికి అప్పటికే తెలుసు. చేయడానికే ధైర్యం చాల్లేదు. నీ ఉపవాసం కూడా అలాంటిదేనని నా నమ్మకం. "ఇంకా ప్రార్థన చేస్తున్నానమ్మా" అని మూడేళ్లుగా ఇంట్లో మాట దాటేస్తున్నావు. అమ్మతో మాట్లాడాల్సిన మాటకు దేవుడి పేరు అడ్డం పెట్టుకోవడం నాకు నచ్చలేదు. ఆమెకూ అది మర్యాద కాదు, దేవుడికీ కాదు.

ఇక అమ్మ సంగతి. ఆమె మొండిపట్టు పడుతోందని నీ స్నేహితులు అంటున్నారట. నేను అనను. మిరపకాయల తొడిమలు తీసే కూలికి వెళ్లి నీ డిప్లొమా ఫీజు కట్టిన మనిషి ఆమె. నువ్వు వేరే దారిలో వెళుతున్నావని తెలిసి కూడా కట్టింది. అప్పుడు అడ్డుపడని తల్లి నాన్న పోయాక ఇంతగా ఎందుకు వెంటపడుతోందో ఒక్కసారైనా ఆలోచించావా? తాను మాట తప్పినందుకే భర్త పోయాడని ఆమె నమ్ముతోంది. అంటే, ఆయన్ని తానే చంపుకున్నానని మూడేళ్లుగా కుమిలిపోతోంది. చెల్లి సంబంధం తప్పిపోయిన ప్రతిసారీ ఆ నేరం మళ్లీ రుజువైనట్టే ఆమెకు. నువ్వు పక్కనే ఉండి ఆ మాటలు విన్నావు. విని, అవి నీ ఉద్యోగం గురించే అనుకున్నావు.

ముందు తీర్చాల్సింది ఈ బాధ. బైబిల్ కాలేజీ సంగతి తర్వాత. షుగర్ ఏళ్ల తరబడి అదుపులో లేకపోతే కిడ్నీల్లోని సన్నటి రక్తనాళాలు ఎలా దెబ్బతింటాయో రోజూ రోగుల ఇంటివాళ్లకు ఓపిగ్గా చెబుతావు కదా, ఇంట్లో ఎప్పుడైనా చెప్పావా? నాన్నకు షుగర్ ఎప్పుడు బయటపడింది, మందులు ఎప్పుడెప్పుడు మానేశారు, కాళ్ల వాపు ఎప్పుడు మొదలైంది, అన్నీ అమ్మ దగ్గర కూర్చుని వరసగా చెప్పు. పుట్టు గుడ్డివాణ్ణి చూసి, పాపం చేసింది వీడా, వీడి తల్లిదండ్రులా అని శిష్యులు అడిగితే, ఇద్దరూ కారని యేసు చెప్పిన యోహాను 9వ అధ్యాయం చదివి వినిపించు. పాస్టర్ గారో నేనో చెబితే ఆమె తలూపుతుంది. నువ్వు చెబితే నమ్ముతుంది, ఎందుకంటే ఆ మంచం పక్కన నిలబడ్డది నువ్వు.

మొక్కుబడి సంగతి కూడా దాటవేయకు. దేవుడికిచ్చిన మాట చిన్న విషయమని నేను అనుకోను, మీ అమ్మా అనుకోదు. అయితే దేవుడికి ఇస్తామని మొక్కుకున్న మనుషుల గురించి బైబిల్లోని ధర్మశాస్త్రంలోనే ఏర్పాటు ఉంది. లేవీయకాండం 27వ అధ్యాయం తీయి. నెల నుంచి అయిదేళ్ల లోపు మగపిల్లవాడికి అయిదు తులాల వెండి, 20 నుంచి 60 ఏళ్ల మగవాడికి 50 తులాలు అని, ఆ మనిషికి బదులుగా ఇవ్వాల్సిన వెల నిర్ణయించి రాసి ఉంది. అంత ఇచ్చుకోలేని బీదవాడైతే, మొక్కుకున్న మనిషి శక్తిని బట్టి యాజకుడు వెల తగ్గించాలి. కూలి చేసుకునే తల్లి భయంలో చేసిన మొక్కును దేవుడు బాకీ వసూలుకు వచ్చినవాడిలా పట్టుకుని కూర్చోడని ఆ అధ్యాయం చదివిన ప్రతిసారీ నాకు అనిపిస్తుంది. అమ్మ మనసు తేలికపడుతుందంటే మీ ఇద్దరూ కలిసి ఒక కానుక ఇవ్వండి. పాస్టర్ గారి చేత ప్రార్థన చేయించి ఆ మొక్కు ముగించండి.

బైబిల్లో హన్నా కూడా కొడుకు పుడితే దేవుడికి ఇస్తానని మొక్కుకుంది కదా అని అమ్మ తప్పకుండా అంటుంది. అవును, హన్నా కొడుకు సమూయేలును షిలోహు మందిరం దాకా తీసుకెళ్లి అప్పగించింది. అయినా పిలుపు వచ్చినప్పుడు సమూయేలునే పేరు పెట్టి పిలిచాడు దేవుడు. అక్కడి యాజకుడు ఏలీ కూడా అతని తరఫున పలకలేదు, నువ్వే వెళ్లి పలకమన్నాడు. అదే మందిరంలో ఏలీ కొడుకులు హొఫ్నీ, ఫీనెహాసు యాజకులుగా ఉన్నారు. తండ్రి వంశాన్ని బట్టి వచ్చిన పదవి అది, వాళ్లకు దేవుడంటే భక్తి లేదు. జనం తెచ్చిన బలి మాంసాన్ని బలవంతంగా లాక్కునేవారు. అమ్మను ఊరుకోబెట్టడానికి పల్పిట్ ఎక్కేవాడి మీద సంఘం ఆధారపడకూడదు. ఈ విషయంలో నేను మెత్తగా మాట్లాడలేను.

మీ గుంటూరులోనే కుగ్లర్ ఆసుపత్రి ఉంది. డాక్టర్ అన్నా కుగ్లర్ అమెరికా నుంచి 1883లో వచ్చింది. డాక్టరు చదువు చదివినా, మిషన్ వాళ్లు వైద్యానికని పంపలేదు. పరదా చాటున ఉండే ఆడవాళ్లకు బోధించడానికి పంపారు. ఆమె ఆ పని చేస్తూనే రోగుల్నీ చూసింది. 1898లో స్త్రీలకు, పిల్లలకు ఆసుపత్రి తెరిచింది. పెద్దలు అప్పగించిన పనిని ఆమె చులకన చేయలేదు, తన చేతికి వచ్చిన విద్యనూ పక్కన పెట్టలేదు. ఒకసారి అమ్మను అక్కడికి తీసుకెళ్లు. తర్వాత మీ డయాలిసిస్ యూనిట్‌కు తీసుకెళ్లి, అనుమతి అడిగి, ఒక పూట ఆ టీచరమ్మ పక్కన కూర్చోబెట్టు. నాన్న పోయాక అమ్మ అలాంటి గదిలో మళ్లీ అడుగు పెట్టి ఉండదు. ఏడుస్తుంది. ఏడవనివ్వు.

రేపు నీకే వాక్యం చెప్పాలన్న భారం కలిగితే అప్పుడు వెళ్లు, బైబిల్ కాలేజీలు ఎక్కడికీ పోవు. ఈ జూన్‌కు మాత్రం వద్దు.

పాస్టర్ గారి ఫారం నీ చేత్తోనే తిరిగి ఇవ్వు. చెల్లి చేత పంపొద్దు. ముందు అమ్మతో మాట్లాడు, ఆ తర్వాతే ఆయనతో. సంఘంలో ఎవరి నోటి నుంచో ఈ సంగతి అమ్మకు తెలిస్తే ఆమె తలెత్తుకోలేదు. ఆమె కొన్నాళ్లు నీతో సరిగా మాట్లాడకపోవచ్చు. డబ్బు పంపడం, ఆదివారం ఫోన్ చేయడం ఆపకు. చెల్లికి ఇదంతా ముందే చెప్పి ఉంచు, నువ్వు తిరిగి విజయవాడ బస్సెక్కాక అమ్మ పక్కన ఉండాల్సింది తనే.