అమ్మమ్మ గుండిగకు ఏ మాట?

చిరంజీవికి, ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను. అమ్మమ్మ ఇత్తడి గుండిగను కూతురికి అప్పగించే చోటు బాగా కుదిరింది. కానీ అక్కడ ఆవిడ చేత "ఇది మన వారసత్వ సంపద" అనిపించావు. ఆవిడ గొంతు వినబడలేదమ్మా, మ్యూజియం బోర్డు చదివినట్టుంది.

ఇంగ్లీషు 'హెయిర్‌లూమ్'ను మనసులో పెట్టుకుని దానికి తెలుగు వెతికావేమో. ఆ మాటనే విప్పి చూడు. హెయిర్ అంటే వారసుడు. లూమ్ అంటే ఇప్పుడు మగ్గం గానీ, ఆ మాట కుదురుకున్న 15వ శతాబ్దపు ఇంగ్లీషులో ఏ పనిముట్టయినా లూమే. అంటే అది పుట్టుకతో నగ కాదు, నిధి కాదు. పెద్దవాళ్ల తర్వాత పిల్లల చేతికొచ్చే సామాను. నీ గుండిగకు అతికినట్టు సరిపోతుంది!

మన మాటలకూ ఇలాంటి కథలున్నాయి. అరబీ 'వారిస్' ఉర్దూ మీదుగా వచ్చి వారసుడయ్యాడు, దానికి సంస్కృతపు 'త్వం' తగిలించి వారసత్వం చేసుకున్నాం. దాయం అంటే పంచుకునే ఆస్తి, అందులో వాటా ఉన్నవాడు దాయాది. ఇప్పుడా మాట వింటే వాటా కంటే ముందు తగాదా గుర్తొస్తుంది. క్రికెట్ వార్తల్లో పాకిస్తాన్‌ను ఏమంటారో చూడు.

నీ కథకు అసలు చిక్కు పిత్రార్జితం దగ్గరుంది. ఆ మాటలోనే తండ్రి కూర్చున్నాడు. 1986లో ఆంధ్రప్రదేశ్ చట్టం అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు అందులో సమాన వాటా ఇచ్చింది, మాట మాత్రం నాన్న పేరు మీదే ఉండిపోయింది. తల్లి నుంచి కూతురికి వచ్చే గుండిగను ఏమనాలి?

మా అమ్మ అయితే ఏమీ అనేది కాదు. కాసులపేరు తీసి చూపించి "మా అత్తగారిది" అనేది, అంతే. (పేరు అంటే దండ అనే అర్థం కూడా ఉందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.) చివరికి దాన్ని తెంపి ముగ్గురు ఆడపిల్లలకూ కాసులు లెక్కపెట్టి పంచింది. ఒక కాసు మిగిలితే మా ఇంట్లో వారం రోజులు టెన్షన్.

కాబట్టి ఆ వాక్యం కొట్టేయి. "మా అమ్మది, సొట్ట నువ్వు పుట్టకముందుదే" అంటే చాలు.

అన్నట్టు, మూడో పేజీ తర్వాత గుండిగ కనబడలేదు. అటక మీద పెట్టారా, అమ్మేశారా?