‘మంచోడే గానీ...’ అన్న మాట దగ్గర ఆగు బిడ్డా

బిడ్డా,

నిన్న రాత్రి నువ్వు ఫోన్ పెట్టేసినప్పటి నుంచి ఇది రాయాలని ఉంది. మన బూత్ బాధ్యత నీకే ఇచ్చారని, రెండోసారి కూడా మన ఎమ్మెల్యే అన్నకే గెలుపు ఖాయమని, ఇక మెజారిటీ ఎంత అన్నదొక్కటే లెక్కని అన్నావు. నీ సంబరం చూసి నాకూ సంతోషమైంది. కానీ ఆ చివరి మాట విన్నాక నిద్ర పట్టలేదు. ముప్పై ఏళ్లకు పైగా బూత్‌లలో ఏజెంటుగా కూర్చున్నవాణ్ని. గెలుస్తామో లేదో అని భయపడుతూ పనిచేసిన ఎన్నికలు నన్ను ఎప్పుడూ అంతగా దెబ్బకొట్టలేదు. ఖాయం అనుకున్నవే ముంచాయి.

1989లో నాకు పందొమ్మిదేళ్లు. ఓటు వయసును 21 నుంచి 18కి తగ్గించింది ఆ ఏడే కాబట్టి నా మొదటి ఓటు అప్పుడే వేశాను. ఎన్టీఆర్ వస్తున్నాడంటే పొలాల్లో నాగళ్లు వదిలేసి జనం రోడ్డు మీదికి ఎట్లా ఉరికేవాళ్లో నా కళ్లతో చూశాను, ఆ జనాన్ని చూశాక ఓడిపోతాడని ఎవడైనా అంటే కొట్లాటకు పోయేవాణ్ని. 294 స్థానాల్లో 74 వచ్చాయి. ఆయన స్వయంగా కల్వకుర్తిలో ఓడిపోయాడు, హిందూపురంలోనూ నిలబడ్డాడు కాబట్టి అసెంబ్లీకి రాగలిగాడు. ముప్పై నాలుగేళ్లకు 2023లో కేసీఆర్‌కు కామారెడ్డిలో అదే జరిగింది, గజ్వేల్ నిలబెట్టింది. మన ఉమ్మడి వరంగల్ సంగతే చూడు. 2018లో పన్నెండు స్థానాల్లో పది టీఆర్ఎస్ గెలిచింది, రెండు కాంగ్రెస్‌కు పోయాయి. ఐదేళ్లకు సరిగ్గా తిరగబడింది: కాంగ్రెస్‌కు పది, బీఆర్ఎస్‌గా పేరు మార్చుకున్న టీఆర్ఎస్‌కు జనగామ, స్టేషన్ ఘన్‌పూర్. రాష్ట్రంలో ఆ పార్టీకి 88 ఉన్నది 39 అయింది. ఎవరిది మంచి పార్టీ, ఎవరిది చెడ్డది అని చెప్పడానికి కాదు ఇదంతా. ఎన్టీఆర్‌నూ కేసీఆర్‌నూ జనం ద్వేషించి ఓడించారని నేను అనుకోను. ఇష్టం ఉంది, మొక్కిన చేతులూ ఉన్నాయి, కానీ ఆ ఇష్టం ఒకచోట ఉంది, ఓటు ఇంకోచోటికి పోయింది. ఆ రెండింటి మధ్య ఏం జరుగుతుందో పైనున్న నాయకుడికి కనపడదు, కనపడేది బూత్‌లో పనిచేసేవాళ్లకే. అంటే నీకు.

ఎట్లా కనపడుతుందో చెప్తాను. 2023 నవంబర్‌లో, కోతల టైంలో, వడ్లు కొనే మన ఐకేపీ సెంటర్‌కు ప్రచారానికి పోయాం. పది మందిమి, మెడలో కండువాలు. ఒక ముసలామె వడ్ల కుప్పను పలచగా పరిచి కాలితో కలియబెడుతోంది, అటొక గీత ఇటొక గీత, తల ఎత్తకుండా. ‘అవ్వా, ఓటు మనకేనా’ అన్నాను. ‘మనకే బిడ్డా, ఆయనకు కాకపోతే ఎవరికేస్తం, మంచోడే’ అంది. కాలు ఆగింది. ‘మంచోడే గానీ...’ అని మళ్లీ కాలు కదిపింది. నేను ‘సరే అవ్వా, గుర్తు మరువకు’ అని పుస్తకంలో ఆమె పేరు పక్కన టిక్కు పెట్టుకుని ముందుకు పోయాను. తర్వాత తెలిసింది, ఆమె వడ్లు అక్కడికి వచ్చి పదకొండు రోజులైందట. తేమ పదిహేడు శాతానికి రాలేదని రోజూ వాయిదా, ఆమె తర్వాత తెచ్చిన మన లోకల్ లీడర్ కుప్ప మాత్రం మొదటి రోజే కాంటా అయిపోయింది. ఆమెకు ఎమ్మెల్యే మీద కోపం లేదు. ఆ లీడర్ మెడలో ఉన్న కండువా మీద కోపం, అదే రంగు నా మెడలోనూ ఉంది. నా పుస్తకంలో ఉన్న టిక్కుల్లో సగం కూడా డబ్బాలోకి రాలేదు.

ఆ ‘గానీ’ దగ్గర నేను ఆగి ఉండాల్సింది. అందుకే నీకు చెప్పేది ఒకటే, ‘మంచోడే గానీ’ అని ఎవరన్నా అంటే అక్కడే కూర్చో. పీట వేయకపోతే గడప మీద కూర్చో. కరపత్రం తీయకు, స్కీముల చిట్టా చదవకు. గానీ తర్వాత ఏముందో అడుగు. పింఛను ఆగిందా, పట్టా పాసుబుక్కులో పేరు తప్పు పడిందా, ఇల్లు ఇస్తామని దరఖాస్తు తీసుకుని మళ్లీ ముఖం చూపలేదా. ఊళ్లో ఒకరికి ఇల్లొచ్చి పదిమందికి రాకపోతే, ఆ ఒక్క ఓటు గట్టిపడుతుంది, మిగతా పది ఇళ్లలో ‘వాళ్లకెందుకొచ్చింది, మాకెందుకు రాలేదు’ అన్న ప్రశ్న పుడుతుంది. రెండోసారి నిలబడేవాడికి ఉండే కష్టం ఇదే బిడ్డా. మొదటిసారి ఆశ మీద ఓటు పడుతుంది, రెండోసారి లెక్క అడుగుతారు.

పది మందితో పోవద్దు. గుంపును చూస్తే ఎవరైనా ‘మీకే వేస్తం’ అంటారు, మొహమాటం మన దగ్గర ఎక్కువ. నువ్వూ, ఆ వాడకట్టులో మంచి పేరున్న ఇంకొకామె, జనం పత్తి ఏరి ఇంటికొచ్చి కాళ్లు కడుక్కున్నాక, పొద్దుగూకే వేళ పోండి. ఆడపిల్లవు కాబట్టి నీకు వంటింటి దాకా పోయే వీలుంది, నాకు ఎన్నడూ లేనిది అది. ఇంటాయన ఒకటి చెప్తాడు, పొయ్యి దగ్గర ఆమె ఇంకొకటి చెప్తుంది.

విన్నది రాసుకుని అన్నకు నేరుగా చెప్పు, నలుగురిలో కాదు, ఒంటరిగా. ఇది అన్నిటికంటే కష్టం. గెలుస్తాడనుకునే నాయకుడి చుట్టూ మంచి మాటలు చెప్పేవాళ్లే ఉంటారు, ‘మన బూత్‌లో వంద పోతున్నాయి అన్నా’ అంటే నిన్ను అనుమానంగా చూస్తారు, అటువైపు పోయిందేమో అని కూడా అంటారు. అనుకోనీ. నిజంగా ఆయన మంచోడైతే ఆ మాటకు విలువ ఇస్తాడు.

పైసల కవర్ల పని మాత్రం నీ చేతికి రానీయకు. నేరమన్నది ఒక సంగతి, అసలు పనిచేయదన్నది ఇంకో సంగతి. 2021లో హుజూరాబాద్ ఉప ఎన్నికప్పుడు కవర్లు మాకెందుకు రాలేదని ఆడవాళ్లు రోడ్డెక్కారు, దళిత కుటుంబాలకు సాయమిచ్చే దళిత బంధు పథకాన్ని లాంఛనంగా మొదలుపెట్టింది కూడా అక్కడే, అయినా అధికార పార్టీ ఓడింది. ఎవడన్నా కవర్ల సంచి నీ దగ్గర దాచమంటే, మా పెద్దబాపు ఒప్పుకోడని చెప్పు.

ఓటరు లిస్టు ఇప్పుడే చేతిలోకి తీసుకో. ఆ లిస్టు చూసే బూత్ ఆఫీసర్, అదే బీఎల్ఓతో మంచిగా మాట్లాడు. కొత్తవాళ్లకు ఫారం 6, చనిపోయినవాళ్ల పేరు తీయడానికి 7, ఇల్లు మారినా పేరు తప్పున్నా 8. నామినేషన్ల చివరి రోజుకు పది రోజుల ముందు వరకే కొత్త పేర్లు ఆ ఎన్నికకు ఎక్కుతాయి, తర్వాత ఎంత ఏడ్చినా లాభం లేదు. సూరత్‌లో, భివండిలో మగ్గాల మీద ఉన్న మనవాళ్ల నంబర్లు రాసుకో, రెండు రోజుల ముందు ఫోన్ చేస్తే వాళ్లకు రైలు టికెట్టు దొరకదు.

పోలింగ్ రోజు ఏడింటికి ఓటింగ్ అంటే ఐదున్నరకే మాక్ పోల్, నువ్వు ఐదింటికే అక్కడుండు. కనీసం యాభై ఓట్లు వేసి చూపిస్తారు, నీ గుర్తు నొక్కితే వీవీప్యాట్‌లో అదే చీటీ పడుతోందా చూడు, అయ్యాక మిషన్ క్లియర్ చేశారా, వీవీప్యాట్ డబ్బాలోని చీటీలన్నీ తీశారా అన్నది వదలకు. ఆ తొందరలో అందరూ టీ కోసం లేస్తారు, నువ్వు లేవకు. సాయంత్రం ఫారం 17సీ కాపీ తీసుకోకుండా బయటికి రాకు. మొత్తం ఎన్ని ఓట్లు పడ్డాయో అందులో ఉంటుంది, కౌంటింగ్ రోజు మిషన్‌లో లెక్కతో కలిపి చూసుకునే కాగితం అదే.

లోపల కూర్చున్నప్పుడు మర్యాద తప్పకు. 1994లో నేను చేసిన తప్పు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఒకామె వచ్చి చీటీ ఇచ్చింది, లిస్టులో భర్త పేరు వేరేగా ఉంది. దొంగ ఓటు అని లేచి రెండు రూపాయలు కట్టి చాలెంజ్ చేశాను. ఆఫీసర్ విచారించాడు. ఆమె ఆమే, పేరు తప్పు రాసింది లిస్టువాళ్లు. లైన్లో అంతమంది ముందు తన మొగుడి పేరు గట్టిగా చెప్పాల్సి వచ్చింది ఆమెకు. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, వేలికి సిరా పూయించుకుని, నా వైపు చూడకుండా ఓటేసి వెళ్లిపోయింది. ఆ ఇంటి నుంచి తర్వాత మాకు ఒక్క ఓటు కూడా రాలేదు, రావాలని అడిగే ముఖం కూడా నాకు లేదు. అనుమానం ఉంటే చాలెంజ్ చేయాల్సిందే, అది నీ పనే, కానీ ముందు ఆ వాడకట్టు మనిషిని పక్కకు పిలిచి మెల్లగా అడుగు.

ఆమె ఇంకా ఉంది బిడ్డా. చెరువు కట్ట దిగినాక మూడో ఇల్లు. లిస్టు పట్టుకుని నువ్వు ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టే రోజు మొదట అక్కడికే పోదాం, నేనూ వస్తాను. కండువా వద్దు, ఓటు కూడా అడగొద్దు.

మీ పెద్దబాపు