1600ల నాటి ఇంగ్లండ్ ఇంటి మందులు నిజంగా పనిచేసేవా?

మీ ప్రశ్న ఇది: "పాతకాలంలో ఇంగ్లండ్ వాళ్ళు ఇంట్లోనే ఆకులు, వేర్లతో మందులు చేసుకునేవారట. అవీ మన బామ్మల చిట్కాల్లాంటివేనా? వాటితో రోగం తగ్గేదా?"

నేను లండన్‌లో ఫార్మసిస్టుని. ఆ కాలపు ఇళ్ళలో చేత్తో రాసుకున్న మందుల పుస్తకాలు ఇక్కడి వెల్‌కమ్ కలెక్షన్‌ అనే వైద్య చరిత్ర మ్యూజియం, లైబ్రరీలో బోలెడున్నాయి. చాలావాటిని ఫొటోలు తీసి ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టారు. ఖాళీ దొరికినప్పుడల్లా వాటిని చదవడం నాకు ఓ పిచ్చి. అందుకే కాస్త వివరంగా చెప్తాను.

చిట్కాలు అనుకుంటే వాటిని తక్కువ చేసినట్టే. ఒక్కో మందు తయారవడానికి రోజులు పట్టేది. డబ్బున్న ఇళ్ళలో మందులు, గులాబీ పన్నీరు, పళ్ళ మురబ్బాలు చేయడానికి విడిగా ఓ గది, అందులో బట్టీ సామాను (మరిగించి ఆవిరిని చల్లార్చి పట్టే పాత్రలు) ఉండేవి. నార్తాంప్టన్‌షైర్‌లోని అపెథార్ప్‌లో గ్రేస్ మిల్డ్‌మే (1552–1620) అనే దొరసాని ఉండేది. ఆవిడ తయారు చేసిన ఒక తైలంలో వందకు పైగా దినుసులు పడేవి. యార్క్‌షైర్‌లో మార్గరెట్ హోబీ అనే ఇంకొకావిడ 1599 నుంచి 1605 దాకా డైరీ రాసింది. అందులో ప్రార్థనలు, ఇంటి లెక్కల మధ్యనే ఊళ్ళో పేదవాళ్ళ పుళ్ళు కడిగి కట్లు కట్టిన సంగతులు కూడా మామూలు పనుల్లాగే కనిపిస్తాయి. దీనికి చట్టం అండ కూడా ఉండేది. ఎనిమిదో హెన్రీ కాలంలో, 1540లలో, మూలికల గుణం తెలిసినవాళ్ళు పుళ్ళకీ వాపులకీ రాళ్ళ జబ్బుకీ చలిజ్వరానికీ వైద్యం చేయొచ్చని పార్లమెంటు ఒప్పుకుంది. సర్జన్లు సొంత లాభమే చూసుకుంటున్నారని ఆ చట్టంలోనే చీవాట్లు పెట్టారు!

వాళ్ళ లెక్క మనకి సులువుగానే అర్థమవుతుంది. ఒంట్లో నాలుగు ద్రవాలు: రక్తం, కఫం, పసుపు పిత్తం, నల్ల పిత్తం. ప్రతి ఆకూ, ప్రతి తిండీ వేడి చేసేదో చలవ చేసేదో అయ్యుండాలి. జ్వరానికి చలవ చేసేది, కఫానికి వేడి చేసేది ఇవ్వాలి. "మామిడిపండు వేడి చేస్తుందిరా" అనే ఇంట్లో పెరిగినవాళ్ళకి ఇది ఎవరూ నేర్పక్కర్లేదు.

నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది ఆ పుస్తకాల పేజీలే. పైన రోగం పేరు, పక్కన ఆ మందు ఎవరు చెప్పారో వాళ్ళ పేరు ఉంటుంది: మేనత్తో, పక్క ఊరి దొరసానో, ఒక డాక్టరో. కొలతలేమో గుప్పెడు, చిటికెడు, ఆరు పెన్నీల నాణెం మీద పట్టేంత. గడియారం లేని వంటింట్లో ఫలానా ప్రార్థన ఒకసారి చదివేంతసేపు మరిగించమని ఉంటుంది. మార్జిన్‌లో "పరీక్షించి చూశాం" అని లాటిన్‌లో ఓ ముక్క. కొన్నిచోట్ల తర్వాతి తరంవాళ్ళు వేరే సిరాతో ఆ మందు మొత్తాన్ని అడ్డంగా కొట్టేశారు. అంటే గుడ్డిగా నమ్మలేదన్నమాట. తల్లి నుంచి కూతురికి నగలతో పాటు ఈ పుస్తకమూ వెళ్ళేది. అయితే ఇవన్నీ చదువుకున్న, డబ్బున్న ఆడవాళ్ళ పుస్తకాలు. కూలి మనిషి తన బిడ్డకి ఏం తాగించిందో రాసిపెట్టినవాళ్ళు లేరు.

పచ్చకామెర్లకి కుంకుమపువ్వు, పసుపు పూల మొక్కలు, ఓడల మీద వచ్చిన మన పసుపు కూడా వాడేవారు. పసుపు రోగానికి పసుపు మందు! క్షయకి పేరుమోసిన మందు నత్తల నీళ్ళు. తోట నత్తల్ని కడిగి, అవి చప్పుడు చేయడం ఆపేదాకా నిప్పుల మీద కాల్చి, రోట్లో దంచాలి. వానపాముల్ని చీల్చి ఉప్పుతో రుద్ది కడగాలి. మూలికలతో కలిపి గాలన్ల కొద్దీ ఘాటైన బీరు పోసి రాత్రంతా ఉంచి, లవంగాలు, కుంకుమపువ్వు, దుప్పి కొమ్ము పొడి వేసి బట్టీ పెట్టాలి. చివరికి దిగేది సువాసన ఉన్న సారా. తాగినవాళ్ళకి కాసేపు హాయిగా ఉండి ఉంటుంది, సందేహం లేదు. క్షయ మాత్రం తగ్గదు.

నేను చేసి చూసింది వయొలెట్ పూల పానకం ఒక్కటే. పిల్లలకి సుఖవిరేచనానికి ఇచ్చేవారు. పూరేకులు మాత్రమే వలిచి, మరిగే నీళ్ళు పోసి మూతపెట్టి ఒక రోజు వదిలేసి, పిండిన రసానికి రెట్టింపు బరువు పంచదార కలపాలి. వచ్చే నీలం చూసి తీరాలి. అందులో నిమ్మరసం చుక్క వేస్తే ఎర్రబడుతుంది, వంటసోడా వేస్తే ఆకుపచ్చ. రాబర్ట్ బాయిల్ అనే శాస్త్రవేత్త 1664లో రంగుల మీద రాసిన పుస్తకంలో ఆమ్లాన్నీ క్షారాన్నీ గుర్తుపట్టడానికి వాడింది ఈ పానకాన్నే. ఆయన తర్వాత ఇరవై ఏళ్ళకు పైగా ఉన్నది అక్క కేథరిన్ ఇంట్లో, లండన్ పాల్ మాల్‌లో. ఆవిడా మందులు చేయడంలో దిట్ట. కెమిస్ట్రీ లాబ్‌కీ వంటింటికీ అప్పట్లో పెద్ద దూరం లేదు.

అచ్చు పుస్తకాల్లో మూలికా వైద్యుడు నికొలస్ కల్పెపర్ పేరు చెప్పకుండా ఉండలేం. డాక్టర్ల సంఘం లాటిన్‌లో దాచుకున్న మందుల జాబితాని 1649లో ఇంగ్లీషులోకి మార్చేశాడు. 1652లో దేశంలో దొరికే మొక్కల మీద మూడు పెన్నీలకే పుస్తకం తెచ్చాడు. డాక్టర్లకి ఒళ్ళు మండింది.

ఇక పనిచేసేవా అంటే, కొన్ని కచ్చితంగా. పుండు మీద తేనె పనిచేస్తుంది. గసగసాల కాయతో చేసిన సిరప్ నొప్పినీ దగ్గునీ తగ్గిస్తుంది, అందులో ఉన్నది నల్లమందే కదా. నిద్రపోని పసిపిల్లలకి కూడా అదే పట్టేవారు. ఆ పేజీ వచ్చినప్పుడల్లా నాకు టెన్షన్. సీసం, పాదరసం కలిసిన లేపనాల సంగతి సరేసరి.

ఆ మందుల్లో లోపించింది మోతాదు లెక్క. విలియం విదరింగ్ అనే డాక్టరుకి 1775లో, ఒళ్ళంతా నీరు పట్టే జబ్బుకి ష్రాప్‌షైర్‌లో ఒక ముసలావిడ రహస్యంగా ఇస్తున్న మందు గురించి తెలిసింది. ఇరవైకి పైగా మూలికల్లో అసలు పనిచేసేది ఫాక్స్‌గ్లోవ్ అనే పూల మొక్క ఆకేనని పట్టుకున్నాడు. గుండెకి మేలు చేసేదీ, కాస్త ఎక్కువైతే గుండెనే ఆపేదీ ఆ ఆకే. పూత మీదున్నప్పుడే ఆకు కోసి, ఎండబెట్టి పొడి చేసి, గ్రెయిన్ల (అప్పటి మందుల అతి చిన్న తూకం) లెక్కన తూచి ఇచ్చాడు. బాగైనవాళ్ళతో పాటు బాగుపడనివాళ్ళ వివరాలూ కలిపి 1785లో అచ్చు వేశాడు. ఇంటి పుస్తకాల్లో "పరీక్షించాం" అని ఉంటుందే గానీ, ఎంతమందికి పనిచేయలేదో ఉండదు.

మీరూ చదవాలనుకుంటే వెల్‌కమ్ సైట్‌లో ఆన్ ఫాన్‌షా అనే దొరసాని పుస్తకంతో మొదలుపెట్టండి. 1651లో మొదలైన పుస్తకం. మందుల మధ్యలో ఐస్‌క్రీమ్ తయారీ కూడా ఉంటుంది. ఇంట్లో ప్రయోగం మాత్రం వయొలెట్ పానకం దగ్గరే ఆపండి. ఆ పూలు దొరక్కపోతే శంఖపుష్పాలు వేడినీళ్ళలో వేసి నిమ్మరసం పిండినా రంగు మారుతుంది.